గట్టి నేల కింద పాత పగుళ్లు: పరిగి చుట్టూ, ప్రపంచం చుట్టూ భూకంపాల వింతలు

పరిగి నుంచి తాండూరుకు గంట ప్రయాణం. ఆ గంటలో మూడు కాలాల రాళ్ల మీదుగా పోతాం. అన్నిటికీ అడుగున 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు. దాని మీద ఎప్పుడో ఎండిపోయిన సముద్రపు అడుగు, అదే తాండూరు నాపరాయి. అన్నిటికన్నా పైన 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కింద పారి గడ్డకట్టిన లావా, ఆ లావా చివికి అయిన మన నల్లరేగడి. భూకంపాల పటంలో ఈ ప్రాంతమంతా జోన్-2, అంటే అతి తక్కువ ప్రమాదం ఉన్న రంగు. అందుకే ఎక్కడ భూమి కంపించిన వార్త వచ్చినా ఇక్కడి టీ కొట్లలో ఒకటే మాట: “మనది గట్టి నేల, మనకేం కాదు.”

గట్టి నేల అన్నది నిజమే. కాకపోతే భూకంపం రాయి గట్టిదా మెత్తదా అని చూసుకుని రాదు. రాతిలో ఏనాటిదో ఒక పగులు ఉంటుంది. దానికి అటూ ఇటూ ఉన్న రెండు ముఖాల నడుమ ఏముంది, నీళ్లా, మన్నా? వాటిని ఎంత బరువు అదుముతోంది? ఎంత మెల్లగా తోపుడు పడుతోంది? కథంతా అక్కడ ఉంది. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ పగులును భ్రంశం అంటారు, బోరు మిషన్ల దగ్గర, ఇంజనీర్ల దగ్గర అది ఫాల్టు. ఈ ఫాల్టుల రికార్డుల్లో కొన్ని పసిఫిక్ సముద్రం అడుగున ఉంటే, కొన్ని మన పొరుగు జిల్లాల్లోనే ఉన్నాయి.

పటం రంగు మార్చిన దెబ్బ

పరిగి నుంచి వాయవ్యంగా గీత గీస్తే దాదాపు 170 కిలోమీటర్ల దూరంలో మహారాష్ట్ర లాతూర్ జిల్లా కిల్లారి. 1993 సెప్టెంబర్ 29 వినాయక నిమజ్జనం రోజు. ఊరేగింపులు ముగించుకుని జనం అలసి ఇళ్లలో పడుకున్నారు. తెల్లవారితే 30వ తేదీ అనగా 3 గంటల 56 నిమిషాలకు నేల అదిరింది. తీవ్రత 6.2. దాదాపు పదివేల మంది పోయారు. హైదరాబాద్‌లో సైతం జనం లేచి వీధుల్లోకి వచ్చారు. భూమి పైపొర పలకల అంచులకు దూరంగా, ఖండం నడిబొడ్డున వచ్చిన భూకంపాల్లో ప్రపంచంలోనే అతి ఘోరమైన వాటిలో ఇదొకటి.

తీవ్రతను మాత్రమే చూస్తే 6.2 మరీ పెద్దదేం కాదు. జపాన్‌లో అలాంటివి ఏటా వస్తుంటాయి. ఇక్కడ రెండు విషయాలు కలిసి కొంప ముంచాయి. జారుడు పైపైనే, ఊళ్ల కిందే జరిగింది. ఇళ్లేమో రాళ్లను మట్టితో పేర్చిన లావు గోడలు, పైన బరువైన మట్టి మిద్దెలు. ఆ గోడలు బరువును మోయగలవు గానీ పక్కకు ఊపితే విడిపోతాయి. కిల్లారిలో మనుషుల్ని చంపింది ఎక్కువగా ఆ గోడలే.

తర్వాత అక్కడ బోరు వేశారు. 338 మీటర్లు లావా రాయి, దాని కింద ఎనిమిది మీటర్ల పాత మట్టి పొర, ఆ కింద అసలు రాయి. 617 మీటర్ల దాకా తవ్వారు. నేల మీద మిగిలిన గుర్తు మాత్రం చేల మధ్యన అక్కడక్కడా తెగుతూ సాగిన మీటరు లోపు ఎత్తు గట్టు. అంతే! ఇంత పని చేసిన ఫాల్టు లావా దుప్పటి కింద దాగి ఉంది కాబట్టి ఏ పటంలోనూ గీత లేదు. హెచ్చరిక అసలు లేదనడానికీ వీల్లేదు, అంతకు ముందటి ఏడు 1992లో ఆ ఊళ్లలో చిన్న చిన్న ప్రకంపనలు వచ్చి జనం బెదిరారు. అయితే అలాంటి చిన్నవి నూటికి తొంభై చోట్ల వచ్చి అలాగే పోతాయి. ఏవి పెద్దదానికి ముందుమాటో చెప్పే విద్య నేటికీ ఎవరి చేతిలోనూ లేదు.

అప్పట్లో కిల్లారి జోన్-1లో ఉండేది, జోన్-2 కన్నా కూడా సురక్షితమన్న రంగు. 2002లో పటం సవరించినప్పుడు జోన్-1నే ఎత్తేసి జోన్-2లో కలిపేశారు. మనం ధీమాగా చెప్పుకునే ‘అతి తక్కువ’ అలా పుట్టింది: దానికి కింది మెట్టు ఉండేది, ఇప్పుడు లేదు.

మూడు రాళ్లకూ ఒకే లెక్క

ఇనప బీరువాను నాపరాళ్ల గచ్చు మీద తోసి చూడండి. ముందు కదలదు. బలం పెంచుతూ పోతే ఒక్కసారి సర్రుమని జానెడు జరిగి మళ్లీ ఆగిపోతుంది. భూకంపాన్ని ఇలాగే చూడాలని 1966లో అమెరికాలో బ్రేస్, బైయర్లీ అనే ఇద్దరు ప్రతిపాదించారు. ప్రయోగశాలలో రాతి ముక్కల్ని అదిమి తోస్తే ఆగడం, జారడం, మళ్లీ ఆగడం కళ్లారా కనిపించింది. పాత పగుళ్లు కొత్తగా విరగనక్కర్లేదు, అతుక్కుని మళ్లీ మళ్లీ జారితే చాలన్నది వాళ్ల మాట.

ఆ బైయర్లీయే 1978లో ఇంకో వింత చూపించాడు. రకరకాల రాళ్ల రాపిడి కొలిస్తే దాదాపు అన్నిటికీ ఒకే అంకె వచ్చింది. అదిమే బలంలో 60 నుంచి 85 శాతం పక్కబలం పెడితే తప్ప కదలవు. గ్రానైటైనా అంతే, సున్నపురాయైనా అంతే, లావా రాయైనా అంతే. అంటే పరిగి, తాండూరు దారిలో మనం దాటే మూడు రాళ్లూ ఈ లెక్కలో ఒకే కుదురువి. గట్టి నేల వాదం సగం ఇక్కడే కూలిపోతుంది.

మరి కొన్ని ఫాల్టులు ఢామ్మని జారితే కొన్ని నత్తనడకన పాకుతాయెందుకు? 1979లో డీటరిక్, 1983లో రూయినా అనే శాస్త్రవేత్తలు దీనికి లెక్క కట్టారు. కొన్ని ముఖాలు జారడం మొదలుపెట్టాక వేగం పెరిగేకొద్దీ పట్టు వదిలేస్తాయి, అక్కడ భూకంపం. కొన్ని వేగం పెరిగేకొద్దీ పట్టు బిగిస్తాయి, అక్కడ మెల్లని పాకుడు. గ్రానైటు సుమారు 300 డిగ్రీల వేడి దాకా మొదటి రకం, అంతకు మించి వేడెక్కితే రెండో రకం. ఖండాల్లో చాలా భూకంపాలు పై పదిహేను ఇరవై కిలోమీటర్లలోనే పుట్టడానికి కారణం ఇదే.

కెమెరా ముందు జారిన నేల

ఫాల్టు జారుతుండగా నేల మీద ఎదురుగా నిలబడి చూసిన వాళ్లు బహు తక్కువ. వీడియోకు అంత స్పష్టంగా చిక్కింది ఒకే ఒక్కటి. 2025 మార్చి 28న బర్మాలో సగాయింగ్ ఫాల్టు 7.7 తీవ్రతతో జారింది. థాజీ దగ్గరి సౌర విద్యుత్ కేంద్రం గేటు దగ్గరి నిఘా కెమెరా అదంతా పట్టేసింది.

ఆ వీడియో చూడవలసిందే. ముందు గేటు ఊగుతుంది, అంతా అదురుతుంది. తర్వాత కాంక్రీటు దారికి అవతలి సగం, చెట్లూ స్తంభాలతో సహా, కుడివైపుకు జరిగిపోతుంది. ఊగి వెనక్కి రావడం కాదు, జరిగి అక్కడే నిలిచిపోవడం! క్యోటో విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఒక్కొక్క ఫ్రేమూ కొలిచి చెప్పిన లెక్క: రెండున్నర మీటర్ల జారుడు, 1.3 సెకన్లలో. అత్యధిక వేగం సెకనుకు 3.2 మీటర్లు. ఫాల్టు మొత్తం ఒకేసారి జారదని, చీలిక ఒక అలలాగా పరుగెత్తుతూ పోతుంటే ఏ చోటికి ఆ చోటు గబుక్కున జారి ఆగిపోతుందని పుస్తకాల్లో ఉన్నదే. కళ్లతో చూడటం ఇదే మొదలు. ఇంకొకటి, ఆ నేల నేరుగా జరగలేదు, కాస్త వంకర తిరిగి పోయింది. పాత ఫాల్టు ముఖాల మీద ఒరుసుకున్న గీతలు వంకరగా ఎందుకుంటాయని భూగర్భ శాస్త్రవేత్తలు తర్కించుకుంటూ వచ్చారు. జవాబు వీడియోలో దొరికింది.

ఈ సగాయింగ్‌కూ తెలుగువాళ్లకూ పాత లంకె ఉంది. దాని దక్షిణపు కొస 1930 మే 5న జారింది. పెగూ పట్టణం నేలమట్టమైంది, దాదాపు 500 మంది చనిపోయారు, రంగూన్‌లోనూ ఇళ్లు కూలాయి. అప్పటి రంగూన్ రేవులో బరువులు మోసే కూలీలు ఎక్కువగా తెలుగువాళ్లు, కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లారు గనుక వాళ్లను కోరంగీలు అనేవారు. భూకంపం గడిచి నెల తిరక్కుండానే కూలి పెంచమని వాళ్లు సమ్మె చేయడం, వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టడం, రాజీ కుదిరాక ఆ కొత్తవాళ్లను పంపించేయడం, మే చివర తెలుగు కూలీల మీద నెత్తుటి దాడులు, అన్నీ వరసగా జరిగిపోయాయి. నూరు మందికి పైగా చనిపోయారు. భూకంపం వల్ల దాడులు జరిగాయని అనను, కానీ ఆ ఏటి మే నెల బర్మా తెలుగువాళ్లకు రెండు విధాలా కాళ్ల కింద నేల జారిన నెల.

అతి జారుడు మన్ను

తాండూరు గనిలో నాపరాయి తీసేవాళ్లు బండను ఎక్కడ పడితే అక్కడ కొట్టరు. రెండు పొరల నడుమ సన్నని మన్ను గీత ఉంటుంది. అక్కడ గునపం పెట్టి ఎత్తితే బండ పలకలా లేచి వస్తుంది. మందం ఎంతన్నది రాయి చెప్పదు, ఆ గీత చెబుతుంది.

జపాన్ తూర్పు తీరంలో ఇదే సంగతి ఊహకందని కొలతలో బయటపడింది. 2011 మార్చి 11న 9.0 తీవ్రతతో వచ్చిన తోహోకు భూకంపంలో సముద్రగర్భపు కందకం దగ్గర నేల దాదాపు 50 మీటర్లు జారింది. కొలిచిన జారుళ్లలో ఇదే అతి పెద్దది. ఆ చోట అంత జారుడు కుదరదని అంతవరకూ చాలామంది అనుకునేవారు. మరుసటి ఏడాది చిక్యూ అనే ఓడ వెళ్లి, దాదాపు ఏడు కిలోమీటర్ల లోతు నీళ్ల కింద, సముద్రం అడుగునుంచి ఇంకో 800 మీటర్లకు పైగా తవ్వి ఫాల్టును అందుకుంది. చూస్తే అది ఐదు మీటర్ల మందం కూడా లేని బంకమన్ను పొర. అందులో ఎక్కువ భాగం స్మెక్టైటు, నల్లరేగడిని వానకు ఉబ్బించే, ఎండకు పగలగొట్టే బంకమన్ను జాతే.

ఆ తూటులో థర్మామీటర్ల దండ ఒకటి దించి నెలల తరబడి ఉంచారు. రాపిడి వేడి ఇంకా ఎంత మిగిలిందో చూడాలని. భూకంపం జరిగిన ఏడాదిన్నర తర్వాత మిగిలినది 0.31 డిగ్రీలు మాత్రమే. వెనక్కి లెక్క కడితే జారేటప్పటి రాపిడి అంకె 0.08. బైయర్లీ చెప్పిన 0.6 ఎక్కడ, ఇది ఎక్కడ! రాళ్లన్నిటి రాపిడికీ ఒకే లెక్క అన్న సూత్రానికి బంకమన్ను ఒక్కటే పెద్ద మినహాయింపు. ఆ మన్ను ఉన్న చోట ఫాల్టు మామూలు రోజుల్లో మెత్తగా పాకుతుంది, అవతలినుంచి పెద్ద చీలిక తోసుకొస్తే మాత్రం అడ్డం నిలవకుండా దారి వదిలేస్తుంది.

అతి నిదానం

కాలిఫోర్నియాలో హోలిస్టర్ దగ్గర శాన్ ఆండ్రియాస్ ఫాల్టు మీద తెలియక ఒక ద్రాక్షసారా గోదాము కట్టారు. దాని గోడలు, నేల ఏటా సెంటీమీటరుకు పైగా చీలుతూ వస్తున్నాయని 1956లో కనిపెట్టారు. అదురు లేదు, చప్పుడు లేదు.

కెనడా, అమెరికాల పడమటి తీరంలో ఇంకో రకం ఉంది. దాదాపు 14 నెలలకోసారి అక్కడి ఫాల్టు లోతట్టున రెండు మూడు వారాల పాటు కొన్ని సెంటీమీటర్లు జారుతుంది. ఒకేసారి జారితే ఆరున్నర తీవ్రత దాటేది, వారాల మీద సర్దుకోవడంతో ఎవరికీ తెలియదు. జీపీఎస్ పరికరాలు వచ్చాకే పట్టుబడింది.

నిదానంలో రికార్డు సుమత్రాది. తీరం పక్కన పెరిగే పగడపు దిబ్బలు సముద్ర మట్టాన్ని ఏటేటా తమ పొరల్లో రాసుకుంటాయి. ఆ పొరలు చదివి 2021లో శాస్త్రవేత్తలు తేల్చినదేమిటంటే, 1829 నుంచి 1861 దాకా 32 ఏళ్ల పాటు అక్కడ ఫాల్టు మెల్లగా జారుతూనే ఉంది. చివరికి 1861లో కనీసం 8.5 తీవ్రత గల భూకంపంతో ముగిసింది. మెల్లగా జారిపోతోంది కదా, బలం తీరిపోతుంది లెమ్మనుకుంటే పొరపాటు. ఒకచోట జారితే ఆ బరువు పక్కన అతుక్కున్న ముక్క మీద పడుతుంది.

అతి పెద్దది, అతి పొడుగు, అతి లోతు

అతి పెద్దది 1960 మే 22 నాటి చిలీ భూకంపం, 9.5. తీవ్రతలో ఒక అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుందని గుర్తుంచుకుంటే ఆ అంకె బరువు తెలుస్తుంది.

అతి పొడుగు చీలిక 2004 డిసెంబర్ 26ది. సుమత్రా నుంచి అండమాన్ దాకా దాదాపు 1300 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి ఢిల్లీకి గాల్లో ఎంత దూరమో అంత. చీలిక ఒక కొసనుంచి ఇంకో కొసకు చేరడానికి పది నిమిషాల దాకా పట్టింది. దానివల్ల లేచిన సునామీలో మన కోస్తాలో కూడా నూరు మందికి పైగా కొట్టుకుపోయారు.

లోతులో పెద్దన్న 2013 మే 24న రష్యాకు తూర్పున ఒఖోట్స్క్ సముద్రం కింద వచ్చింది. తీవ్రత 8.3, లోతు 609 కిలోమీటర్లు. మాస్కోలో కూడా తెలిసింది. అంత లోతులో రాళ్లను అదిమే బరువుకు మామూలు రాపిడి జారుడు కుదరనే కుదరదు. బరువుకు తాళలేక ఖనిజాలే రూపు మార్చుకోవడం వల్ల అంత లోతు భూకంపాలు పుడతాయన్నది ఎక్కువమంది చెప్పే వివరణ.

1967: నీళ్ల ఏడాది

ఆ ఏడు మార్చి 27న ఒంగోలు 5.4 తీవ్రతతో కంపించింది. అది సహజంగా వచ్చినది. ఆ ఏడే వచ్చిన ఇంకో రెండిటి వెనక మాత్రం మనిషి చెయ్యి ఉంది.

అమెరికాలో డెన్వర్ పక్కన సైన్యం వాళ్ల రసాయనాల కర్మాగారం ఉండేది. ఆ వ్యర్థ జలాలు ఏం చెయ్యాలో తెలియక మూడున్నర కిలోమీటర్లకు పైగా లోతున్న బావి తవ్వి 1962లో అందులోకి పంపు చేశారు. కొద్ది నెలల్లోనే, అంతకు ముందు ఎరగని ప్రకంపనలు మొదలయ్యాయి. గోల కావడంతో 1966లో ఆపేశారు. అయినా అన్నిటికన్నా పెద్దది 1967 ఆగస్టులో వచ్చింది. నీళ్లు ఆపాక కూడా లోపల ఒత్తిడి పాకుతూనే ఉందన్నమాట.

దీన్ని చూసి డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్రంలోనే రేంజ్‌లీ అనే చమురు క్షేత్రంలో 1969 నుంచి 1973 దాకా ఒక ప్రయోగం చేశారు. నీళ్లు ఎక్కించి ఒత్తిడి ఒక హద్దు దాటిస్తే భూకంపాలు వచ్చేవి, నీళ్లు తోడేస్తే ఆగిపోయేవి. భూకంపాన్ని స్విచ్చి వేసి ఆర్పి చూసిన ప్రయోగం ఇది. నీళ్లు గ్రీజులా పనిచేసి ఫాల్టును జారుస్తాయని చాలామంది అనుకుంటారు. అది కాదు. పగులులో నిండిన నీరు రెండు ముఖాలనూ ఎడంగా నెడుతుంది. పైనుంచి అదిమే బరువులో కొంత ఆ నీరే మోస్తుంది. పట్టు సడలుతుంది. రాపిడి అంకె మారలేదు, అదుముడు తగ్గింది.

1967 డిసెంబర్ 11 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కోయనాలో జరిగింది ఇదే తంతు, ఇంకా పెద్ద ఎత్తున. 103 మీటర్ల ఎత్తు ఆనకట్ట కట్టి 1962లో నీళ్లు నింపారు. చిన్న ప్రకంపనలు అప్పుడే మొదలయ్యాయి. ఐదేళ్లకు 6.3 తీవ్రతతో దెబ్బ పడింది, 180 మంది దాకా చనిపోయారు. జలాశయం వల్ల వచ్చిన భూకంపాల్లో ప్రపంచంలో ఇదే పెద్దది. ఇంకో రికార్డు కూడా దానిదే: దాదాపు 20 కిలోమీటర్ల వెడల్పు, 30 కిలోమీటర్ల పొడవు ఉన్న ఒకే పట్టీలో అరవై ఏళ్లుగా భూకంపాలు ఆగలేదు, 5 దాటినవే ఇరవైకి పైగా. హైదరాబాద్ ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) మాజీ డైరెక్టర్ హర్ష్ గుప్తా తన జీవితంలో పెద్ద భాగం ఈ ఒక్క చోటికే రాసిచ్చారు. భూకంపం పుట్టే చోటికే వెళ్లి చూడాలని అక్కడ మూడు కిలోమీటర్ల బోరు కూడా వేశారు, కిలోమీటరుకు పైగా లావా దాటాక గ్రానైటు తగిలింది.

ఇది చదివి పరిగి లఖ్నాపూర్ చెరువు వైపో, వికారాబాద్ కోటిపల్లి ప్రాజెక్టు వైపో అనుమానంగా చూడక్కర్లేదు. ఆ నీళ్ల లోతు కోయనాకు ఏ మూలకూ రాదు. లోతు ఒక్కటే చాలదు కూడా. నాగార్జునసాగర్ 124 మీటర్లు, నీళ్లూ కోయనా కన్నా ఎక్కువే, అయినా అక్కడ అలాంటిది రాలేదు. జారడానికి సిద్ధంగా కాచుకున్న ఫాల్టు కింద ఉండాలి. నీరు చేసేది ఆఖరి తోపుడు మాత్రమే.

చిన్నవి, చప్పుడు పెద్దవి

2020 అక్టోబర్‌లో హైదరాబాద్ బోరబండలో రాత్రిపూట కింద నుంచి ఢమాల్ ఢమాల్‌మని శబ్దాలు. జనం పిల్లల్ని ఎత్తుకుని రోడ్డు మీద కూర్చున్నారు. ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు పరికరాలు తెచ్చి పెడితే తేలినది 2కు లోపు తీవ్రత ఉన్న చిట్టి భూకంపాలు. ఆ ఏడు వానలు దంచికొట్టాయి. ఇంకిన నీరు గ్రానైటు పగుళ్లలో ఒత్తిడి పెంచి వీటిని లేపుతుంది.

మరుసటి ఏడు, 2021 అక్టోబర్‌లో వంతు మన సరిహద్దుది. తాండూరు దాటితే కర్ణాటకలో చించోళి తాలూకా. అక్కడి గడికేశ్వర్‌లో రోజూ చప్పుళ్లు, అదురు. అక్టోబర్ 11 రాత్రి 4.1 తీవ్రతతో వచ్చాక జనం ఇళ్లలో పడుకోవడం మానేశారు. అక్కడా వానల కాలమే, అక్కడా నాపరాయి నేలే.

తాండూరు వైపు ఇలాంటి శబ్దం వస్తే మొదటి అనుమానం సిమెంటు గనుల బ్లాస్టింగు మీదికి పోతుంది. కనుక్కునే ఉపాయం ఉంది. మందుగుండు పేలితే మొదటి తోపుడు అన్ని దిక్కులకూ బయటికే. ఫాల్టు జారితే రెండు దిక్కులకు తోస్తుంది, రెండు దిక్కులనుంచి లాక్కుంటుంది. నాలుగు వైపులా నాలుగు పరికరాలు పెడితే గంటలో తగువు తీరుతుంది.

చిన్నదానికి అంత చప్పుడెందుకంటే, జారిన ముక్క చిన్నదైతే అదురు వేగంగా ఉంటుంది. ఆ వేగం మన చెవికి వినిపించే హద్దులో పడుతుంది. పైగా అది పైపైనే పుట్టి, గట్టి రాయి గుండా వస్తుంది. మెత్తటి మన్ను ఆ శబ్దాన్ని మింగేస్తుంది, గ్రానైటు మోసుకొస్తుంది. గట్టి నేలకు ఇదొక వరం అనుకోవాలో ఏమో.

చెప్పిన ముహూర్తానికి రాని అతిథి

కాలిఫోర్నియాలో పార్క్‌ఫీల్డ్ అనే పల్లెలో 1857, 1881, 1901, 1922, 1934, 1966లో ఒకే తీరు భూకంపాలు వచ్చాయి. సగటున 22 ఏళ్లకొకటి. కాబట్టి 1988 ప్రాంతంలో, ఆలస్యమైనా 1993 లోపు ఇంకోటి ఖాయమని శాస్త్రవేత్తలు పరికరాలన్నీ పరిచి కూర్చున్నారు. అది తీరిగ్గా 2004 సెప్టెంబర్ 28న వచ్చింది. ప్రపంచంలో ఒక భూకంపం కోసం ఇంతగా ఎదురుచూసిన చోటు మరొకటి లేదు, దానికే ఇంత ఆలస్యం. సోషల్ మీడియాలో తారీఖుతో సహా భూకంపం చెప్పేవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

మన దేశం, మన తెలుగు నేల

నేల మీద ఫాల్టు జారి కొత్త గట్టు లేచిందని స్పష్టంగా రాసిపెట్టిన తొలి సందర్భాల్లో ఒకటి కచ్‌ది. 1819 జూన్ 16న అక్కడ రాత్రికి రాత్రి దాదాపు 80 కిలోమీటర్ల పొడవున, ఆరు మీటర్ల ఎత్తు దాకా మట్టి గట్టు లేచింది. మనుషులు కట్టినది కాదు గనుక అల్లా బంద్ అన్నారు. 1897 జూన్ 12 షిల్లాంగ్ భూకంపంలో రాళ్లు నేల మీంచి గాల్లోకి ఎగిరిపడ్డాయి. దాని రికార్డులు చదివే భూగర్భ శాస్త్రవేత్త ఆర్.డి. ఓల్డ్‌హామ్ భూకంప తరంగాలు రెండు మూడు రకాలని విడదీశాడు. 1950 ఆగస్టు 15, స్వాతంత్ర్య దినం నాటి అస్సాం భూకంపం 8.6. నేల మీద నమోదైన వాటిలో అంతకు పెద్దది లేదు.

తెలుగు నేల రికార్డు 1969 ఏప్రిల్ 13 నాటి భద్రాచలానిది, 5.7. దాని తర్వాత అంతటిది రావడానికి 55 ఏళ్లు పట్టింది: 2024 డిసెంబర్ 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు అడవుల కింద 5.3. జాతీయ భూకంప కేంద్రం లెక్కలో లోతు 40 కిలోమీటర్లు. కిల్లారి తీవ్రతతో పోలిస్తే శక్తి ఇరవయ్యో వంతు కన్నా కాస్త తక్కువే, పైగా అంత లోతు. అందుకే హైదరాబాద్ దాకా తెలిసినా ప్రాణ నష్టం లేదు. రెండూ గోదావరి లోయవే. అక్కడ కిన్నెరసాని–గోదావరి, కడెం అనే పాత ఫాల్టుల నడుమ నేల ఎప్పుడో కుంగింది, ఆ కుంగిన గుంటలోనే సింగరేణి బొగ్గు పేరుకుంది. హైదరాబాద్ పక్కన చెప్పుకోదగ్గది 1983 జూన్ 30న మేడ్చల్ దగ్గర వచ్చింది, 5కు కాస్త లోపు.

అన్నిటికీ వెనక తోపుడు మాత్రం ఒక్కటే. ఉప్పల్ ఎన్‌జీఆర్‌ఐ ఆవరణలోని జీపీఎస్ పరికరం ఏటా సుమారు ఐదు సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోంది. పరిగి, తాండూరు, అనంతగిరి అన్నీ దానితోపాటే. దేశమంతా కలిసికట్టుగా జరుగుతుంది గనుక దక్కన్ లోపల ఫాల్టుల వాటాకు ఏటా మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల లోపే మిగులుతుంది. హిమాలయంలో వందల ఏళ్లలో నిండే బాకీ ఇక్కడ నిండడానికి వేల ఏళ్లు. ఆ బాకీ తీరే రోజు ఏ పాత బస్తీ చరిత్రలోనూ దొరకదు, అందుకే ఈ నేలకు ‘నిశ్చలం’ అని పేరు పెట్టేశారు.

ఆ నిశ్చలపు నేలలోనూ పాత పగుళ్లు లేకపోలేదు. తాండూరు నాపరాయి ఒంటరిది కాదు. భీమా లోయ అంతా పరుచుకున్న ఒకే సున్నపురాయి పరుపుకు అది తూర్పు కొస. ఆ పరుపు అంచుల్ని చాలాచోట్ల తూర్పు పడమరలుగా సాగే ఫాల్టులే కోశాయి. వాటిలో పేరున్నది యాద్గిర్ జిల్లాలో గోగి–కుర్లగెరె ఫాల్టు. తాండూరులో బల్లపరుపుగా పడుకున్న పొరలే అక్కడ ఏటవాలుగా లేచి, నుగ్గునుగ్గై కనిపిస్తాయి. ఆ నుగ్గు సందుల గుండా ఏనాడో పారిన నీళ్లు యురేనియం తెచ్చి వదిలాయి. అణు ఖనిజ విభాగం వాళ్లు అక్కడ బోర్లు వేసి, సున్నపురాయిలోనూ దాని కింది గ్రానైటులోనూ ఫాల్టు వెంబడే ఆ ఖనిజాన్ని పట్టుకున్నారు.